సిలబస్ ఒకరి చేతిలో, విద్యార్థి మరొకరి చేతిలో

సంపాదకులకు నమస్కారం.

సిలబస్ తామే రూపొందించుకునే స్వయంప్రతిపత్తి కళాశాలల్లో, విశ్వవిద్యాలయాల అనుబంధ సంస్థల్లో సిలబస్ పనీ, విద్యార్థుల కార్యక్రమాల పనీ చాలాకాలంగా దగ్గరుండి చూస్తున్న అధ్యాపకులం మేము. ప్రిన్సిపాళ్లూ రిజిస్ట్రార్లూ యాజమాన్యాలూ వచ్చే సెమిస్టర్‌కు ముందే తేల్చుకోవాల్సిన సంగతి ఒకటుంది. దాన్ని మీ పత్రిక ద్వారా చెప్పదలిచాం. కాలేజీల్లో సిలబస్, టైంటేబుల్, పరీక్షలు హెచ్‌వోడీలూ (విభాగాధిపతులు) అకడమిక్ సెక్షనూ చూస్తారు. ఎన్‌ఎస్‌ఎస్ (జాతీయ సేవా పథకం), క్లబ్బులు, ఇంటర్న్‌షిప్పులు, ఇండక్షన్ (కొత్త విద్యార్థుల పరిచయ కార్యక్రమం), సీఆర్ల (తరగతి ప్రతినిధుల) సమావేశాలు, ఫీడ్‌బ్యాక్ ఫారాలు తలా ఒకరి నెత్తిన ఉంటాయి. ఈ రెండు వర్గాలూ ఏడాదిలో ఒక్కసారైనా కూర్చుని ఒకరి క్యాలెండర్ మరొకరు చూసుకోవడం అరుదు. రెండు పనులూ ఒకే సమన్వయకర్త చేతికి రావాలి. అందుకు తగిన తీరిక, అధికారం ఆ మనిషికి ఇవ్వాలి. అది జరగనంతకాలం 2020 జాతీయ విద్యావిధానం తర్వాత వచ్చిన క్రెడిట్లలో (చదువు గంటలను కొలిచే లెక్కలో) సగం కాగితాల మీదే ఉండిపోతాయి.

ముందు గంటల లెక్క చూద్దాం. 2023లో వచ్చిన జాతీయ క్రెడిట్ ఫ్రేమ్‌వర్క్ ప్రకారం ఏడాదికి 1200 గంటల చదువు, 40 క్రెడిట్లు. అంటే క్రెడిట్‌కు 30 గంటలు. తరగతి, ల్యాబ్, సొంతంగా చదువుకునే సమయం, అసైన్‌మెంట్, ఆటలు, సామాజిక సేవ అన్నీ అందులోకే వస్తాయి. సెమిస్టర్‌కు 20 క్రెడిట్లంటే 600 గంటలు. 16 వారాలకు పంచితే వారానికి ముప్పయ్యేడున్నర గంటలు. ఇప్పుడు మామూలు ఇంజనీరింగ్ కాలేజీ టైంటేబుల్ ఒకటి తీసి చూడండి. రోజుకు ఆరు పీరియడ్లు, వారానికి ఆరు రోజులు, మొత్తం 36. విద్యార్థి మోయాల్సిన గంటలు దాదాపు అన్నీ తరగతి గదిలోనే అయిపోతున్నాయి. ఇంటికెళ్లి చదవడానికీ, ప్రాజెక్టుకూ లెక్కలో చోటే లేదు.

అయితే ఆ 36లో సిలబస్ నిజంగా అడిగేది అంత లేదు. థియరీలో క్రెడిట్‌కు వారానికి ఒక గంట తరగతి, ల్యాబ్‌లో రెండు గంటలు. మూడేసి క్రెడిట్ల థియరీ కోర్సులు ఐదు అనుకుంటే 15 గంటలు. ఒకటిన్నర క్రెడిట్ల ల్యాబులు మూడు అనుకుంటే 9 గంటలు. క్రెడిట్ లేని తప్పనిసరి కోర్సుకు రెండు. అంతా కలిపి 26. మిగిలిన పది పీరియడ్లకు లైబ్రరీ, స్పోర్ట్స్, కౌన్సెలింగ్, సీఆర్‌టీ (ఉద్యోగ నియామకాల శిక్షణ) అని పేర్లుంటాయి. మొదటి రెండు వారాలు ఆ పేరుకు తగ్గ పని జరుగుతుంది. మూడో వారం నుంచి సిలబస్ పూర్తికాని అధ్యాపకులు వాటిని అడిగి తీసుకుంటారు. క్లబ్బు సమావేశమేమో నాలుగు గంటల తర్వాత పెడతారు. నాలుగుంబావుకి కాలేజీ బస్సు కదిలిపోతుంది. గంటన్నర దూరం నుంచి వచ్చే పిల్లలు, అందులోనూ ఆడపిల్లలు, ఆ బస్సు వదులుకోలేరు. హాస్టల్లో ఉండే పాతికమందితోనే క్లబ్బు నడుస్తుంది. మిగతావారికి ఆసక్తి లేదని రిపోర్టులో రాస్తారు. ఆసక్తికి ఏ లోటూ లేదు, బస్సు టైమే అడ్డం. వారంలో ఒక మధ్యాహ్నం, రెండు పీరియడ్లు, కాలేజీ మొత్తానికి ఒకేసారి ఖాళీ చేసి, ఏ విభాగమూ దాన్ని తీసుకోకుండా ప్రిన్సిపాల్ సంతకంతో సర్క్యులర్ ఇస్తే ఈ సమస్య చాలావరకు తీరుతుంది. ఇలా ఖాళీ చేయించడం ఒక్క విభాగం వల్ల కాదు. అన్ని టైంటేబుళ్లనూ ఒకచోట పెట్టుకుని చూసే మనిషి ఉండాలి.

అసైన్‌మెంట్ల సంగతీ ఇంతే. ఒక్కో కోర్సుకు రెండు అసైన్‌మెంట్లు, ఒక క్విజ్ అనుకుంటే ఐదు కోర్సులకు పదిహేను. అవన్నీ మిడ్ పరీక్షకు ముందువారంలోనే వచ్చి పడతాయి, ఎందుకంటే ఇంటర్నల్ మార్కులు (కాలేజీలోనే వేసే మార్కులు) ఎక్కించే గడువు అందరికీ ఒక్కటే. విద్యార్థి ఏం చేస్తాడు? ముందు రాసినవాడి కాగితం ఫొటో తీసుకుని దించేస్తాడు. దీనికి మందు ఒక్క పేజీ పట్టిక. నిలువుగా కోర్సులు, అడ్డంగా 16 వారాలు. సెమిస్టర్ మొదలవకముందే ప్రతి అధ్యాపకుడూ తన అసైన్‌మెంట్, క్విజ్, ల్యాబ్ ఇంటర్నల్ తేదీలు అందులో నింపాలి. ఏ వారంలోనూ రెండుకు మించి పడకూడదు. మించితే సమన్వయకర్త ఆ ఇద్దరినీ కూర్చోబెట్టి ఒకదాన్ని జరిపించాలి. అదే పట్టికలో ఫెస్ట్, హ్యాకథాన్, ఎన్‌ఎస్‌ఎస్ శిబిరం, ప్లేస్‌మెంట్ డ్రైవ్‌లు కూడా వేయాలి. ఏడు రోజుల ఎన్‌ఎస్‌ఎస్ ప్రత్యేక శిబిరానికి వెళ్లిన విద్యార్థికి దాదాపు ముప్పయ్యారు పీరియడ్లు పోతాయి. ఆన్ డ్యూటీ హాజరు అదే వారంలో ఎక్కించకపోతే, 75 శాతం హాజరు అంచున ఉన్నవాడు సెమిస్టర్ చివర కండోనేషన్ (తక్కువ హాజరును మన్నించే) జాబితాలో తేలి రుసుము కట్టాల్సి వస్తుంది. ఊరికి వెళ్లి సేవ చేసినందుకు శిక్ష పడినట్టు వాడికి అనిపిస్తే తప్పు వాడిది కాదు.

ఇక ఫీడ్‌బ్యాక్. కళాశాలల నాణ్యతను అంచనా వేసే న్యాక్ మొదటి ప్రమాణంలోనే విద్యార్థులు, అధ్యాపకులు, ఉద్యోగాలిచ్చేవారు, పూర్వ విద్యార్థుల నుంచి సిలబస్ మీద అభిప్రాయం తీసుకుని, విశ్లేషించి, చర్య తీసుకోవాలని ఉంది. అందుకే ప్రతి కాలేజీలో ఫారం ఉంది. అది నింపించేది మాత్రం సెమిస్టర్ చివర, చాలా చోట్ల ఫీడ్‌బ్యాక్ ఇస్తేనే హాల్‌టికెట్ అనే షరతుతో. లాగిన్ రోల్ నంబరుతో. ఇంటర్నల్ మార్కులు ముప్పయ్యో నలభయ్యో అధ్యాపకుల చేతిలో ఉండగా, రోల్ నంబరు కనబడే ఫారంలో ఎవరు మనసు విప్పుతారు? పై నుంచి కిందిదాకా ఐదు, ఐదు, ఐదు నొక్కేసి హాల్‌టికెట్ దించుకుంటారు. ఆ సగటు 4.6 వచ్చిందని నివేదికలో పెట్టుకుంటాం. దాంతో ఎవరికీ ఏమీ తెలియదు.

పనికొచ్చే పద్ధతి చాలా చిన్నది. ఐదో వారంలో, అంటే మొదటి మిడ్‌కు ముందే, పది నిమిషాలు. కాగితం మీద, రోల్ నంబరు లేకుండా. వేరే విభాగం అధ్యాపకుడు వచ్చి తీసుకోవాలి, పాఠం చెప్పేవారు గదిలో ఉండకూడదు. తెలుగులో రాయవచ్చని గట్టిగా చెప్పాలి. ఆంధ్రప్రదేశ్ డిగ్రీ కళాశాలల్లో 2021-22 నుంచి బోధన ఇంగ్లీషు మాధ్యమంలోకి మారింది. ఇంటర్ తెలుగులో చదివి వచ్చినవారికి ఇంగ్లీషు ఫారం ఇస్తే చివరి గడి ఖాళీగానే వస్తుంది. ఇక ప్రశ్నలు. ‘బోధన ఎలా ఉంది’ అని అడిగితే ‘బాగుంది’ అనే రాస్తారు. ‘ఇప్పటిదాకా చెప్పినదాంట్లో ఏ అంశం దగ్గర అర్థం కావడం ఆగిపోయింది’ అని అడగాలి. రెండో ప్రశ్న, ‘అది అర్థం కావడానికి ముందు తెలిసి ఉండాల్సినది ఏది తెలియలేదు’. మూడోది, ‘వచ్చే వారం నుంచి ఒక్కటి మార్చాలంటే ఏది’. అరవై కాగితాలను కుప్పలుగా వేయడానికి అరగంట చాలు. ఒక్కరే రాసిన ఫిర్యాదును ఆ ఒక్కరి ఇబ్బందిగా చూడాలి. పదిహేను మంది ఒకే అంశం రాస్తే అది సిలబస్ లోపమో, వరుస లోపమో అయి ఉంటుంది.

ఒక ఉదాహరణ చూడండి. రెండో సంవత్సరం కంప్యూటర్ విద్యార్థుల డేటా స్ట్రక్చర్స్ తరగతిలో ఈ ప్రశ్నలు అడిగితే కుప్పల్లో పెద్దది దాదాపు ఎప్పుడూ లింక్డ్ లిస్ట్ అనే అంశం దగ్గరే పడుతుంది. రెండో ప్రశ్నకు జవాబు, దానికి ఆధారమైన పాయింటర్లు. పాయింటర్లు మొదటి ఏడాది సీ ప్రోగ్రామింగ్‌లో ఉన్నాయి కదా అంటారు. ఉన్నాయి, అయితే ఐదు యూనిట్ల సిలబస్‌లో చివరికి నెట్టిన కోర్సులే ఎక్కువ. చివరి యూనిట్ ఏ కాలేజీలోనైనా ఆఖరి వారంలో, హాజరు పలచబడ్డాక, ముఖ్యమైన ప్రశ్నల జాబితాగా పూర్తవుతుంది. నాలుగు యూనిట్లు చదివినా పాసవుతారు కనుక విద్యార్థీ వదిలేస్తాడు. ఈసెట్ ద్వారా డిప్లొమా నుంచి నేరుగా రెండో సంవత్సరంలోకి వచ్చినవారు ఇక్కడి మొదటి ఏడాది కోర్సు చదివి ఉండరు. డేటా స్ట్రక్చర్స్ చెప్పేవారు పిల్లలకు శ్రద్ధ లేదనుకుంటారు. మొదటి ఏడాది చెప్పినవారికి ఈ సంగతి చేరదు. చేరితే చేయాల్సింది రెండే: ఈ సెమిస్టర్ వాళ్లకు పాయింటర్ల మీద నాలుగు గంటల బ్రిడ్జి తరగతి, వచ్చే బ్యాచ్‌కు ఆ అంశాన్ని మూడో యూనిట్‌లోకి జరపడం. క్రెడిట్ పెరగదు, గంట పెరగదు. వరుస మారుతుంది, అంతే. ఇలాంటివి ప్రతి విభాగంలో నాలుగైదు ఉంటాయి, అడిగేవాళ్లు లేక దాగి ఉన్నాయి.

వచ్చిన మాటను మూడు దారుల్లో పంపాలి. పాఠం వేగం, నోట్సు, ల్యాబ్‌లో పనిచేయని పరికరం లాంటివి అధ్యాపకుడు వారంలో సరిచేయగలిగినవి. అసైన్‌మెంట్ తేదీలు, యూనిట్ల వరుస హెచ్‌వోడీ ఈ సెమిస్టర్‌లోనే మార్చగలిగినవి. సిలబస్ మార్పు బోర్డ్ ఆఫ్ స్టడీస్‌కు (విభాగం సిలబస్ రూపొందించే సంఘానికి) వెళ్లి, అకడమిక్ కౌన్సిల్ ఒప్పుకుని, వచ్చే బ్యాచ్‌కు అమలయ్యేది. ఏ మాట ఏ దారిన వెళ్లిందో, ఏది చేయలేకపోతున్నామో, ఎందుకో రెండు వారాల్లోపు నోటీసు బోర్డులో పెట్టాలి. చేయలేనిదాన్ని కారణంతో సహా చెప్పడం అన్నిటికన్నా ముఖ్యం. ఒక్కసారి జవాబు రాకపోతే, రెండోసారి ఆ కాగితాలు ఖాళీగా వస్తాయి.

బోర్డ్ ఆఫ్ స్టడీస్‌లో విద్యార్థి ఎక్కడున్నాడో కూడా చూడాలి. స్వయంప్రతిపత్తి కళాశాలలకు యూజీసీ (విశ్వవిద్యాలయాల నిధుల సంఘం) చెప్పిన కూర్పులో హెచ్‌వోడీ, విభాగం అధ్యాపకులు, బయటి నిపుణులు ఇద్దరు, వైస్ చాన్సలర్ నామినేట్ చేసే నిపుణుడు ఒకరు, పరిశ్రమ నుంచి ఒకరు, పూర్వ విద్యార్థి ఒకరు ఉంటారు. ఇప్పుడు చదువుతున్న విద్యార్థికి కుర్చీ లేదు. కళాశాలలోని నాణ్యతా విభాగమైన ఐక్యూఏసీలో మాత్రం విద్యార్థి ప్రతినిధి ఉండాలని న్యాక్ మార్గదర్శకాలు చెబుతున్నాయి. చాలా చోట్ల ఆ ప్రతినిధి పాత్ర హాజరు పట్టికలో సంతకంతో ముగుస్తోంది. బోర్డులో కుర్చీ లేకపోయినా మాట వెళ్లడానికి అడ్డేమీ లేదు. ఐదో వారపు కాగితాల సారాంశం ప్రతి కోర్సుకు అర పేజీ చొప్పున, గత రెండేళ్లలో ఆ కోర్సు ఉత్తీర్ణత శాతం పక్కనే వేసి, ఎజెండాలో మొదటి అంశంగా పెట్టాలి. నిపుణులకు వారం ముందే పంపాలి. ఉదయం పదకొండుకు వచ్చి మధ్యాహ్నం భోజనానికల్లా ముగించే సమావేశంలో అప్పటికప్పుడు చేతిలో పెట్టిన కాగితాన్ని ఎవరూ చదవరు. అనుబంధ కళాశాలలకు ఈ అవకాశం తక్కువ. సిలబస్ విశ్వవిద్యాలయం చేతిలో ఉంటుంది, రెగ్యులేషన్ (సిలబస్, పరీక్షల నిబంధనల కూర్పు) మారడానికి ఏళ్లు పడుతుంది. జేఎన్‌టీయూ హైదరాబాద్‌లో 2018 నాటి ఆర్‌18 తర్వాత 2022లో ఆర్‌22 వచ్చింది. అంటే ఒక పొరపాటు నాలుగు బ్యాచ్‌ల పిల్లల మీద పడుతుంది. కాబట్టి అనుబంధ కళాశాలలు కూడా తమ అర పేజీ నోట్లను ఏటా విశ్వవిద్యాలయ బోర్డుకు రాతపూర్వకంగా పంపి, అందినట్టు రసీదు తీసుకోవాలి.

అన్నిటికన్నా మాకు బాధ కలిగించేది క్షేత్రస్థాయి క్రెడిట్ల పరిస్థితి. ఆంధ్రప్రదేశ్‌లో 2020-21 నుంచి డిగ్రీలో తెచ్చిన కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు నిజంగా మంచి ఆలోచన. మొదటి సంవత్సరం అయ్యాక వేసవిలో 180 గంటలు ఊళ్లో సర్వే, అవగాహన కార్యక్రమాలు, ఒక సమస్య మీద పని, నివేదిక. రోజువారీ లాగ్‌బుక్. చేతికొచ్చే లాగ్‌బుక్కుల్లో ఎన్నో ఒకేలా ఉంటాయి, ఊరి పేరు, తేదీ మాత్రమే వేరు. పిల్లలను తప్పుపట్టే ముందు వాళ్లను ఏ సరంజామాతో పంపామో చూసుకోవాలి. ప్రశ్నావళి రాయడం, ఇళ్లు ఎంచుకోవడం, వచ్చిన జవాబులను లెక్కగట్టడం ఆ రెండు సెమిస్టర్లలో నేర్పారా? స్టాటిస్టిక్స్ తీసుకున్నవారికి కూడా శాంప్లింగ్ తర్వాత ఎప్పుడో వస్తుంది. మిగతావారికి అసలు రాదు.

రెండో సెమిస్టర్ పదో వారం నుంచి ఆరు గంటలు కేటాయిస్తే సరిపోతుంది. 400 గడపల ఊళ్లో ప్రతి పదో ఇల్లు చొప్పున 40 ఇళ్లు తీసుకోవాలని, సొంత వీధి, సొంత కులం వాళ్ల దగ్గరే ఆగిపోతే ఆ లెక్క ఊరి లెక్క కాదని చెప్పాలి. ‘మీ ఆదాయం ఎంత’ అని అడగకూడదు, రేషన్ కార్డు పోతుందేమోనన్న భయంతో తగ్గించి చెబుతారు. ‘పోయిన నెల ఎన్ని రోజులు పని దొరికింది, రోజుకు ఎంత ఇచ్చారు’ అని అడగాలి. జవాబు రాని గడిలో సున్నా వేయకూడదు. సున్నా వేస్తే సగటు పడిపోతుంది, ఊరు ఉన్నదానికన్నా పేదగా కనిపిస్తుంది. వేళ కూడా నేర్పాలి. మే నెలలో ఉపాధి హామీ పనులకు పొద్దున్నే వెళ్లిన ఆడవాళ్లు పదకొండు దాటాక గానీ ఇంటికి రారు, ఆ తర్వాత ఎండలో పిల్లలు తిరగలేరు. సాయంత్రం ఐదు తర్వాతే సరైన సమయం. ముందు గ్రామ సచివాలయంలో ఒక కాగితం ఇచ్చి, డ్వాక్రా సంఘం సమావేశంలో తమను పరిచయం చేసుకుంటే తలుపులు తేలిగ్గా తెరుచుకుంటాయి.

మార్గదర్శిగా ఉండే అధ్యాపకుడి (మెంటర్) కింద ముప్పై నలభై మంది ఉండి, వాళ్లు వేర్వేరు మండలాల్లో ఉంటే పర్యవేక్షణ జరగదు. రోల్ నంబర్ల వరుసలో కాకుండా నివాసం ఉండే మండలాన్ని బట్టి ఐదుగురేసి జట్లు చేయాలి. జట్టుకు వారానికి ఒక నిర్ణీత వేళలో పది నిమిషాల ఫోను. లాగ్‌బుక్‌లో ఆ రోజు రాసే ప్రతి నమోదులో ఒక అంకె, అంతకుముందు తెలియని ఒక సంగతి ఉండాలని నియమం పెట్టాలి. ఆ తర్వాత అసలు పని ఉంది. ఆ 40 ఇళ్ల కాగితాలు మూడో సెమిస్టర్ తరగతిలోకి తిరిగి రావాలి. ఆర్థికశాస్త్రం అసైన్‌మెంట్ దాని మీద, కామర్స్ వాళ్ల పొదుపు, అప్పుల పట్టిక దాని మీద, సైన్స్ విద్యార్థుల తాగునీటి పరీక్ష ఆ ఊరి బోర్ల మీద. రెండు నెలల తర్వాత తరగతిలో నిలబడి తన అంకెకు తానే జవాబు చెప్పాలని ముందే తెలిస్తే, పక్కవాడి లాగ్‌బుక్ దించుకుని లాభం ఉండదు. క్షేత్రంలో చేసింది ఏ పాఠానికీ ముడిపడకపోవడం వల్లే నకలు పుడుతోంది. సిలబస్ పనీ, విద్యార్థుల పనీ ఒకే చేతిలో ఉండాలని మేం పట్టుబట్టడానికి ఇదే పెద్ద కారణం.

ఇండక్షన్ గురించి ఒక మాట. సాంకేతిక విద్యను నియంత్రించే ఏఐసీటీఈ మూడు వారాల కార్యక్రమం చెప్పింది. మన కౌన్సెలింగ్ విడతలు విడతలుగా సాగి, చివరి విడత పిల్లలు తరగతులు మొదలయ్యాక చేరతారు. వారికీ, ఈసెట్ విద్యార్థులకూ రెండు రోజుల రెండో విడత ఇండక్షన్ క్యాలెండర్‌లో ముందే వేసి ఉంచాలి. లేదంటే క్రెడిట్ అంటే ఏమిటో, డిటెన్షన్ (పై తరగతికి వెళ్లకుండా ఆపడం) ఎప్పుడు పడుతుందో ఫలితాలొచ్చాక తెలుస్తుంది.

అదే రోజుల్లో, విద్యార్థి క్రెడిట్లు జమయ్యే ఆన్‌లైన్ ఖాతా అయిన అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ ఐడీ పని కూడా పూర్తిచేయాలి. మన దగ్గర దీనికో ప్రత్యేకమైన చిక్కుంది. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ముందు ఉంటుంది, ఆధార్‌లో ఒక్క అక్షరమే ఉంటుంది, లేదా చివరికి వెళుతుంది. పేరు కలవకపోతే క్రెడిట్లు ఖాతాలో పడవు. ఇది మూడో ఏడాది కాలేజీ మారేటప్పుడో, పీజీ ప్రవేశాల్లోనో బయటపడితే ఆధార్ కేంద్రం చుట్టూ తిరగడానికి సమయం ఉండదు. మొదటి నెలలోనే మెమో, ఆధార్ పక్కపక్కన పెట్టి చూసి, తేడా ఉన్నవారి జాబితా తీసి సరిచేయించాలి. కేంద్రం నడిపే ‘స్వయం’ ఆన్‌లైన్ కోర్సులకూ ఇలాగే ముందుచూపు కావాలి. సెమిస్టర్‌లో ఉండే కోర్సుల్లో 40 శాతం దాకా వాటి ద్వారా తీసుకోవడానికి యూజీసీ అనుమతి ఉంది. ఏ కోర్సు దేనికి సమానమో విద్యార్థి నమోదయ్యేలోపే బోర్డు తేల్చకపోతే పాసైన సర్టిఫికెట్ ఫైల్లోనే ఉండిపోతుంది.

ఇంత పని చేసే మనిషి ఎవరు? ఇప్పుడు చాలా సంస్థల్లో కొత్తగా చేరిన కాంట్రాక్ట్ అధ్యాపకుడికి ఈ బాధ్యతలు అదనంగా అప్పగిస్తున్నారు. హెచ్‌వోడీల సమావేశంలో ఆయన మాటకు విలువ ఉండదు, ఏడాది తిరిగేసరికి ఆయనా మారిపోతారు. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు వారానికి 16 గంటల బోధన. సమన్వయకర్తకు అందులో ఆరు గంటలు తగ్గించాలి. కనీసం రెండేళ్లు ఆ పనిలో ఉంచాలి. చివరి సెమిస్టర్‌లో తర్వాతి వ్యక్తిని పక్కన కూర్చోబెట్టి పని అప్పగించాలి. అకడమిక్ కౌన్సిల్‌కు ఆహ్వానితుడిగా పిలవాలి. ప్రతి విభాగం నుంచి ఒక అధ్యాపకుడు, ప్రతి సంవత్సరం నుంచి ఒక అమ్మాయి, ఒక అబ్బాయి కలిసిన చిన్న బృందం ఉంటే చాలు. విద్యార్థులను మార్కులను బట్టి హెచ్‌వోడీ ఎంపిక చేయడం మానాలి. తరగతి ఎన్నుకోవాలి. బ్యాక్‌లాగ్‌లు (తప్పిన సబ్జెక్టులు) ఉన్నవారినీ రానివ్వాలి, సిలబస్ ఎక్కడ తెగుతోందో వాళ్లకే బాగా తెలుసు.

ఖర్చు మాట వస్తుంది కాబట్టి చెబుతున్నాం: ఆరు గంటల బోధన మరొకరికి సర్దడమే దీనికయ్యే అసలు ఖర్చు. కొత్త సాఫ్ట్‌వేర్ ఏదీ అక్కర్లేదు, 16 వారాల పట్టిక ఒక ఎక్సెల్ షీట్‌లో పడుతుంది. ఉన్నత విద్యామండళ్లు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఈ పదవిని, దాని గంటలను అకడమిక్ క్యాలెండర్‌తో పాటే ఉత్తర్వుగా ఇవ్వాలని కోరుతున్నాం. ఉత్తర్వు వచ్చేదాకా ఆగనక్కర్లేని కళాశాలలు ఈసారి టైంటేబుల్ వేసే ముందే ఆ పది పీరియడ్లు ఎటు పోతున్నాయో లెక్క తీయించి, ఐదో వారం ఫీడ్‌బ్యాక్ తేదీని క్యాలెండర్‌లో అచ్చు వేయించవచ్చు.

ఇట్లు,
స్వయంప్రతిపత్తి, అనుబంధ కళాశాలల అకడమిక్ విభాగాల్లో పనిచేస్తున్న కొందరు అధ్యాపకులు